కత్తెరమ్మ కొలతల పుస్తకాలు

తొమ్మిది ఫారాలు కావాలంది. అప్పీలుకి ఒకటి చాలమ్మా అన్నాను. "తొమ్మిదివ్వండి" అంది మళ్లీ, అదే గొంతుతో. రాయడంలో తప్పులు పోతాయని భయం కాబోలనుకుని లెక్కపెట్టి కిటికీలోంచి తోశాను. ఆవిడ వాటిని బల్లకి తట్టి అంచులు సరిచేసి, బట్ట మడిచినట్టు సగానికి మడిచి సంచిలో పెట్టుకుంది. వెళ్లబోతూ ఆగి, ఈ సహాయం ఏ వయసు దాకా ఇస్తారని అడిగింది. ఇరవై అయిదు నిండేదాకా అన్నాను. తలూపి వెళ్లిపోయింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. మెడలో హారంలా కొలతల టేపు వేలాడుతోంది. తీసి పక్కన పెట్టడం మర్చిపోయి వచ్చిందనుకున్నాను. ఆవిడ ఏదీ మర్చిపోయే రకం కాదని తరవాత తెలిసింది.

నేను యూనివర్సిటీలో విద్యార్థుల సహాయ విభాగంలో గుమాస్తాని. పద్దెనిమిదేళ్లుగా అదే కిటికీ, అవే ఊచలు, ఒక కాలు పొట్టిదైన అదే కుర్చీ. నా నోరు మంచిది కాదని పిల్లలు చెప్పుకుంటారు. నిజమే. రోజుకి నూటయాభై మందికి "ఈ కాగితం చాలదు" అని చెప్పే మనిషి దగ్గర మంచి నోరు మిగలదు. కానీ నా పనికి ఇన్నేళ్లలో ఎవరూ వేలెత్తి చూపలేదు. నిబంధన ఏం చెబితే అదే చేశాను, అక్షరం ఎక్కువా తక్కువా లేకుండా. నేను సిగ్గుపడవలసింది సరిగ్గా దానికే, అందుకని ముందే చెప్పేస్తున్నాను.

హోముల్లో పెరిగి, వెనకాముందూ ఎవరూ లేకుండా పైచదువుకి వచ్చిన పిల్లలకి మా దగ్గర ఒక సహాయం ఉంది. ఫీజు మేమే కడతాం, నెలనెలా ఖర్చులకిస్తాం, అన్నిటికంటే ముఖ్యంగా, సెలవుల్లో కూడా ఖాళీ చెయ్యక్కర్లేని గది ఇస్తాం. హాస్టలు మూసేస్తే మిగతా పిల్లలకి ఇల్లుంటుంది. వీళ్లకి బస్టాండే గతి. మంచి పథకమే, కాదనను. దానికో షరతుంది. పద్దెనిమిది నిండేముందు చివరి అయిదేళ్లూ ఎడతెగకుండా హోమ్‌లోనే ఉండాలి. మధ్యలో ముప్పై రోజులు దాటి బంధువుల దగ్గరున్నట్టు తేలితే వాళ్లకి ఇల్లున్నట్టే లెక్క. ఎవరో తెలివైనవాళ్లే రాసుంటారు. చదివినప్పుడు నాకూ సబబుగానే తోచింది.

లెక్కల డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఒక పిల్లకి మొదటి ఏడాది ఈ సహాయం తాత్కాలికంగా ఇచ్చాం. హోమ్ నుంచి రిజిస్టరు నకలు వస్తే ఖాయం చెయ్యాలి. నకలు ఏడాది ఆలస్యంగా వచ్చింది. అందులో ప్రతి ఏటి సెలవులకీ ఎదురుగా ఒకటే వాక్యం, "బంధువుల ఇంటికి పంపడమైనది" అని. నలభై రోజులు. ఏటా నలభై రోజులే, ఒక్క రోజు తేడా లేదు. అంత నున్నగా ఉన్న లెక్కని చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి. నాకు రాలేదు. ఎర్రసిరా స్టాంపు తీసి "అనర్హురాలు" అని కొట్టాను. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలి, ఫీజు సొంతంగా కట్టుకోవాలి, అది కుదరకపోతే చదువు మానుకోవాలి. ఇరవై ఒక్క రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చని అడుగున సన్న అక్షరాల్లో ఉంటుంది.

ఆ పిల్ల కిటికీ దగ్గరికొచ్చి ఏడవలేదు. కాగితం రెండుసార్లు చదువుకుని, "నన్ను పంపిన బంధువుల పేరు ఎక్కడైనా రాశారా మేడమ్? ఒకసారి వెళ్లి చూసొస్తాను" అంది. నాతోనే వెటకారమా అని ఒంటికాలి మీద లేచాను. వెనక వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు, కాగితం తీసుకుని పక్కకి తప్పుకుంది. ఆ తరవాత వారం తిరక్కుండానే టేపు మెళ్లో వేసుకుని ఈవిడొచ్చింది.

హోమ్ పిల్లలు ఆవిణ్ణి చాటుగా కత్తెరమ్మ అంటారు. చేతిలో కత్తెర ఎంత పదునో నోరూ అంత పదునని. ఎదురుగా మాత్రం అత్తా అనాలి. కొత్తగా వచ్చిన పసివాళ్లు అమ్మా అని నోరు జారితే అక్కడే సరిదిద్దేది. "అమ్మ అనకండి, అది వేరేవాళ్ల కుర్చీ. వాళ్లొస్తే నేను లేవాలి. అత్త అంటే లేవక్కర్లేదు" అనేదట. ఇదంతా నాకు తరవాత కొంత ఆవిడ, కొంత ఆ పిల్ల చెప్పారు.

కత్తెరమ్మ నాన్న దర్జీ. కాళ్లు పెడలుకి అందడమే ఆలస్యం కూతుర్ని మిషను మీద కూర్చోబెట్టాడు. పెద్దయ్యాక బట్టల ఫ్యాక్టరీలో చేరింది. అక్కడ చొక్కాకి ఎడమచెయ్యి కుట్టడం ఆవిడ పని. ఆరేళ్లు ఎడమచేతులే కుట్టింది. చొక్కా మొత్తం ఎలా ఉంటుందో మర్చిపోయానమ్మా అని నవ్వేది. ఒకరోజు వెళ్లి, కుడిచేతులకి మారుస్తారా, పొమ్మంటారా అని అడిగింది. పొమ్మన్నారు. ఎత్తిన తల దించకుండా వచ్చేసి, హోమ్‌లో కుట్టుగదికి మనిషి కావాలంటే చేరింది. హోమ్ వెనక పక్క గది, ఒక కిటికీ, రెండు మిషన్లు, అందులో ఒకటి తిరగదు. పాత తలుపులు రెండు జోడించి చేసిన కటింగు బల్ల. అరవై మంది పిల్లల ఒంటి మీద బట్టంతా ఆ బల్ల మీద నుంచే రావాలి.

చేరిన మొదటి ఏడు సూపరింటెండెంటు సైజుల లిస్టు ఇచ్చాడు. నిరుటి లిస్టు. పిల్లలు పెరిగుంటారు కదండీ అంది. "లిస్టు ప్రకారం కత్తిరించు, ఎక్కువ మాట్లాడకు" అన్నాడు. కత్తిరించింది. అరవై చొక్కాల్లో ఒక్కదానికీ గుండీ పట్టలేదు. పైనుంచి మనుషులొచ్చి అడిగితే ఆయన లిస్టు మాటే ఎత్తలేదు, దర్జీకి కొలతలు తియ్యడం రాదని చేతులు దులుపుకున్నాడు. ఆ అరవై చొక్కాలూ విప్పి, ముక్కలు అతికి మళ్లీ కుట్టడం ఆవిడ నెత్తినే పడింది.

అప్పట్నుంచి ఆవిడొక పద్ధతి పెట్టుకుంది. ప్రతి సైజుకీ ముందు ఒక నమూనా కుట్టాలి. దాన్ని ఆ సైజు పిల్లకో పిల్లాడికో తొడగాలి. ఎవరికి తొడిగారో పేరు, ఆ రోజు తేదీ, ఛాతీ ఎంత, భుజం ఎంత, పొడవు ఎంత అన్నీ పుస్తకంలో రాయాలి. అడుగున సూపరింటెండెంటు "చూశాను, కత్తిరించవచ్చు" అని రాసి సంతకం చేసి తన చేత్తో తేదీ వెయ్యాలి. అంతవరకూ తానులో బట్టకి కత్తెర తగలదు. ఆయన మొదట్లో చిందులు తొక్కాడు. ఇంకో దర్జీని తెచ్చుకుంటానన్నాడు. తెచ్చుకోండి, నేను ఇక్కడే కూర్చుంటాను అంది. స్కూళ్లు తెరిచే రోజు దగ్గరపడింది, బట్ట అలాగే ఉంది. చచ్చినట్టు సంతకం పెట్టాడు. పోనుపోను అలవాటైపోయింది. పొద్దున టీ తాగేవేళ ఆవిడ పుస్తకం తెచ్చి కప్పు పక్కన తెరిచి పెడితే, పేపరు మీంచి కళ్లెత్తకుండా గీకేసేవాడు. సంతకం పెట్టడమంటే ఆయనకి వీపు గోక్కున్నంత సుఖమని కత్తెరమ్మ అంటుంది.

సెలవులకి హోమ్ దాదాపు ఖాళీ అయ్యేది. పిన్నో, తాతో, దూరపు చుట్టమో ఎవరో ఒకరున్న పిల్లల్ని పంపించేవాళ్లు. ఎవరూ లేనివాళ్లు ఏటా ఎనిమిదిమందో తొమ్మిదిమందో మిగిలేవాళ్లు. పడకగదులకి తాళం వేసి, వంటమనిషికి సెలవిచ్చి, వాళ్లని కుట్టుగదిలోకి తోసేసేవాడు సూపరింటెండెంటు. వాచ్‌మన్ భార్య తన పొయ్యి మీదే వాళ్లకీ వండేది. సెలవుల తరవాత తొడగవలసిన యూనిఫారాలు సరిగ్గా ఆ నలభై రోజుల్లోనే కుట్టాలి. కాబట్టి నమూనా తొడగడానికి కత్తెరమ్మకి దొరికేది ఆ మిగిలిపోయిన పిల్లలే. ఏ సైజు పిల్ల ఆ సైజుకి బల్లెక్కి చేతులు చాచి నిలబడేది. ఏడేళ్లప్పుడు వచ్చిన ఈ లెక్కల పిల్ల పద్దెనిమిది నిండేదాకా ఏ ఒక్క సెలవుకీ బల్ల దిగలేదు. అందుకే తోటి పిల్లలు ఆమెకి బొమ్మ అని పేరు పెట్టారు. దుకాణంలో బట్టలు తొడిగి నిలబెడతారే, ఆ బొమ్మ.

రిజిస్టరులో ఏం రాస్తున్నారో కత్తెరమ్మకి తెలియదు. సెలవులు కుటుంబాలతో గడిపిన పిల్లలు ఎంతమందని పైవాళ్లు అడిగేవారు. నూటికి నూరుమందీ అని సూపరింటెండెంటు రాసి పంపేవాడు. ఆ లెక్కకి ఒక షీల్డు కూడా వచ్చింది. ఆఫీసు గదిలో అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. ఆ బీరువా దుమ్ము దులిపేది కుట్టుగదిలో పడుకునే పిల్లలే.

మా కాగితం బొమ్మ తెచ్చి చూపించాక ఆవిడకి సంగతి అర్థమైంది. ఆవిడ మొదట చదవలేదట, చదవమని చెప్పిందట. "బంధువుల ఇంటికి పంపడమైనది" అన్న ముక్క బొమ్మ చదువుతుంటే చేతిలో సుద్ద రెండు ముక్కలైంది. తిన్నగా సూపరింటెండెంటు గదికి వెళ్లి అడిగింది. అందరూ ఇలాగే రాస్తారు, నేనొక్కణ్నే కాదన్నాడు. తరవాత కుర్చీ చూపించి మెత్తబడ్డాడు. ఈ ఒక్క పిల్ల పేరు దగ్గర పొరపాటున అలా రాశామని ఉత్తరం ఇస్తాను, ఆమె సహాయం ఆమెకొస్తుంది, నువ్వు మాత్రం ఆ కొలతల పుస్తకాలన్నీ తెచ్చి నా స్టోరు గదిలో అప్పగించెయ్యి అన్నాడు. నీకు రిటైరవడానికి ఎనిమిది నెలలుంది, ఈ వయసులో మచ్చ ఎందుకమ్మా అని కూడా అన్నాడు.

బేరం చిన్నదేం కాదు. ఆ ఉత్తరం చేతిలో పెట్టుకుని వస్తే నేను మారుమాట లేకుండా స్టాంపు మార్చేసేదాన్ని. కత్తెరమ్మ తన సంగతి ఆలోచించుకోలేదు గానీ పిల్ల సంగతి తను తేల్చదల్చుకోలేదు. బొమ్మ గదికి వెళ్లింది. అప్పటికే ఆ పిల్ల చదువు పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్ది తాళ్లు కట్టేసి ఉన్నాయి. విషయం చెప్పి, చదువు నీది, నువ్వే చెప్పు అంది.

"ఆ ఉత్తరం తీసుకుంటే నేనొక్కదాన్నే పొరపాటు అవుతాను అత్తా" అంది బొమ్మ. "మిగతావాళ్లందరికీ నిజంగానే ఇళ్లున్నాయని నేను కూడా ఒప్పుకున్నట్టే కదా."

"గది పోతుంది."

"పోతే నీ కటింగు బల్ల ఉందిగా. నాకలవాటే."

ఆ మర్నాడే కత్తెరమ్మ మా కిటికీ దగ్గరికొచ్చి తొమ్మిది ఫారాలు తీసుకెళ్లింది. సాయంత్రం కొలతల పుస్తకాలు పాత పరదాలో మూట కట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. ఏమిటవి అని వాచ్‌మన్ అడిగాడు. చిరిగిన బట్టలు అంది. బరువు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది అవి బట్టలు కావని. అతను మూట భుజాన వేసుకుని బస్సు దాకా మోసి, సీటు కింద సర్దిపెట్టి వెళ్లాడు. తెల్లారేసరికి కుట్టుగదికి కొత్త తాళం పడింది. లోపల ఖాళీ అరలు తప్ప ఏమీ లేవు.

అప్పీలు వినేది ఇద్దరు. డీన్ గారు, ఫైనాన్స్ ఆఫీసరు. కాగితాలు అందించడానికి మూలన నేను. డీన్ గారు తక్కువ మాట్లాడే మనిషి. ఫైనాన్స్ ఆఫీసరుకి ప్రతి దరఖాస్తులోనూ దొంగ కనిపిస్తాడు. ఆయన్ననడానికి నాకేం హక్కుంది, నేనూ ఆ బళ్లో చదువుకున్నదాన్నే. సూపరింటెండెంటుని రిజిస్టరు తీసుకుని రమ్మన్నాం. ఇస్త్రీ బట్టల్లో, రిజిస్టరు చంకలో పెట్టుకుని పది నిమిషాలు ముందే వచ్చి కూర్చున్నాడు. కత్తెరమ్మ బొమ్మతో వచ్చి, మూట బల్ల మీద పెట్టి ముడి విప్పింది. బొమ్మ హోమ్‌కి వచ్చింది మొదలు ఏటికొకటి చొప్పున పన్నెండు పొడుగు పుస్తకాలు. అట్టల మూలలు అరిగిపోయి గుడ్డపేలికలతో అతికించి ఉన్నాయి.

ముందుగా సూపరింటెండెంటు మాట్లాడాడు. అవి హోమ్ ఆస్తి, అనుమతి లేకుండా తెచ్చిందన్నాడు. పుస్తకాలు నేను కొన్నవి, మీరు ఇన్నేళ్లలో ఒక్క పెన్సిలు కూడా ఇచ్చిన పాపాన పోలేదు అంది కత్తెరమ్మ. డీన్ గారు ఇద్దర్నీ ఆపి, ముందు చూద్దాం అన్నారు.

చివరి అయిదేళ్ల పుస్తకాలు విడిగా తీసి, ప్రతి దాంట్లోనూ సెలవుల మధ్య తేదీ ఉన్న పేజీ తెరిచి, వరసగా పేర్చింది కత్తెరమ్మ. బొమ్మ పేరు, తేదీ, కొలతలు. ఏటా భుజం అంత పెరిగింది, పొడవు ఇంత పెరిగింది. పదమూడేళ్ల పిల్ల పద్దెనిమిదికి రావడం ఆ బల్ల మీద వరసగా కనబడుతోంది. ఫైనాన్స్ ఆఫీసరు ఒక పుస్తకం ఎత్తి వెనకా ముందూ తిప్పి చూశాడు.

"అంకెలు ఎవరైనా వేసుకోవచ్చు. ఈ కొలతలు ఈ అమ్మాయివేనని ఏమిటి నమ్మకం?"

కత్తెరమ్మ బొమ్మని లేచి నిలబడమంది. మెళ్లోంచి టేపు తీసి, మెడ వెనక నుంచి ఒక్కో భుజం చివరి వరకూ పెట్టి, అక్కణ్నుంచి నేల దాకా జార్చింది. "మీరే చదవండమ్మా" అని డీన్ గారిని పిలిచింది. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని లేచొచ్చి, వంగి చదివారు. ఎడమ భుజం కుడి భుజం కంటే ముప్పావు అంగుళం కిందికుంది. అయిదు పుస్తకాల్లోనూ ఆ పేరు పక్కన అదే మాట రాసి ఉంది, ఎడమ ముప్పావు దిగువ అని.

"తొమ్మిదేళ్లప్పుడు నా బల్ల మీంచి పడింది" అంది కత్తెరమ్మ. "గౌను అంచు చూడ్డానికి తిరగమన్నాను, తిరిగి పడింది. తప్పు నాది. భుజం ఎముక విరిగింది. సెలవులు. ఈయన్ని అడిగితే, హోమ్‌లో పిల్లలెవరూ లేరని రిపోర్టు పంపేశాం, ఆస్పత్రిలో నీ కూతురని రాయించు అన్నారు. రాయించాను. ఆయన భయం ఆయనదనుకున్నాను. ఆ రోజే అడగాల్సింది, లేకపోతే ఈ పిల్ల ఎవరి ఇంట్లో ఉందని రాశారండీ అని. అడగలేదు. ఆ సిగ్గు నాకుంది. అందుకే ఇవాళ అడుగుతున్నా."

బొమ్మ నేలచూపులు చూడలేదు. సూపరింటెండెంటు వంకే చూస్తూ నిలబడింది. ఆయన రిజిస్టరు ముందుకు జరిపి, దర్జీ చేతిరాతకీ ప్రభుత్వ రిజిస్టరుకీ పోటీ ఏమిటండీ అన్నాడు. అందులో ప్రతి పేజీకీ తన సంతకం ఉందన్నాడు.

కత్తెరమ్మ ఆ మాట కోసమే కాచుకుని కూర్చున్నట్టు వేలు పెట్టి పేజీ అడుగుభాగం చూపించింది. ఇన్నేళ్లలో నేనెప్పుడూ చూడని దృశ్యం, ఫైనాన్స్ ఆఫీసరు పెదాలు కదుపుతూ చదవడం. "చూశాను, కత్తిరించవచ్చు." కింద సంతకం. సంతకం కింద అదే చేత్తో వేసిన తేదీ. సెలవులు మొదలైన పన్నెండో రోజు. డీన్ గారు రిజిస్టరు లాక్కుని అదే తేదీ తీశారు. బంధువుల ఇంటికి పంపడమైనది. అక్కడా అదే సంతకం, చివర్లో అదే తోక. రెండో ఏడు తీశారు. మూడో ఏడు తీశారు.

"అవి రోజువారీ పుస్తకాలు మేడమ్" అన్నాడు సూపరింటెండెంటు. "పని ఒత్తిడిలో చదవకుండా పెట్టేస్తాం."

"ఏది చదవకుండా పెట్టారు?" అన్నారు డీన్ గారు. "ఇదా, అదా?"

ఆయన ఏదన్నా చిక్కే. పుస్తకం అబద్ధమంటే అరవై మంది పిల్లల యూనిఫారాలు ఎవరి ఒంటి కొలతతో కుట్టించాడో చెప్పాలి. రిజిస్టరు అబద్ధమంటే షీల్డు సంగతి చెప్పాలి. ఫైనాన్స్ ఆఫీసరు పుస్తకం మూసేసి, ఆ అమ్మాయి విషయంలో తనకి అభ్యంతరం లేదన్నాడు. మిగతా విచారణ పైవాళ్లకి రాస్తామన్నారు డీన్ గారు. నేను బొమ్మ దరఖాస్తు ముందుకు లాక్కుని నా స్టాంపు మీద నేనే అడ్డగీత గీశాను. డీన్ గారు పక్కన సంతకం చేశారు. గది ఉంటుంది, ఫీజు మేం కడతాం, చదువు అయ్యేవరకూ. బొమ్మ ఆ కాగితం అందుకుని రెండుసార్లు చదువుకుంది.

ఇక అయిపోయిందనుకుని నేను ఫైలు కట్టేస్తున్నాను. ఫైనాన్స్ ఆఫీసరు భోజనానికి లేచాడు. కత్తెరమ్మ మూట కట్టలేదు. సంచిలోంచి సగానికి మడిచిన కాగితాలు తీసి, మడత విప్పి, అంచులు సరిచేసి బల్ల మీద పెట్టింది. నేనిచ్చిన ఫారాలు. ఎనిమిది. అన్నీ నింపి ఉన్నాయి.

"బొమ్మ ఒక్కతే కాదు. బల్లెక్కినవాళ్లు ఇంకా ఎనిమిది మంది ఉన్నారు. అందరూ ఇక్కడ చదువుకోవాలని వచ్చినవాళ్లే. అందరికీ ఇల్లుందని మీరు తిప్పి పంపేశారు. ఎవరికీ ఇరవై అయిదు నిండలేదు" అంది. "బయట వరండాలో కూర్చున్నారు."

ఫైనాన్స్ ఆఫీసరు, దేనికైనా ఒక పద్ధతుంటుంది, అందరూ విడివిడిగా తేదీలు తీసుకుని వేరే రోజు రావాలన్నాడు. టైమైపోయిందని గడియారం చూపించాడు.

"వాళ్లలో ముగ్గురు ఇవాళ పని మానుకుని వచ్చారండీ. రేపు రాలేరు" అంది కత్తెరమ్మ. "ఇరవై రెండేళ్లు నేను ఒక్కో సంతకం కోసం కత్తెర పక్కన పెట్టుకుని కూర్చున్నాను. మీరు ఒక్క పూట కూర్చోండి."

గొంతు పెంచలేదు. బతిమాలలేదు కూడా. బొమ్మకి అయిదు చాలినా, ఏడేళ్లప్పటి ఆమె కొలతలున్న మొదటి పుస్తకం నుంచి మొత్తం పన్నెండూ ఎందుకు మోసుకొచ్చిందో నాకప్పుడు అర్థమైంది. తప్పుడు రిజిస్టరు చూసి తిప్పి పంపినవాళ్లకి ఇరవై ఒక్క రోజుల గడువు వర్తించదని చెప్పి, డీన్ గారు ఫైనాన్స్ ఆఫీసరు వంక చూశారు. ఆయన కుర్చీ లాక్కుని మళ్లీ కూర్చున్నాడు. సూపరింటెండెంటు వెళ్లొస్తానని లేచాడు. మీ సంతకాలు మీరే గుర్తుపట్టాలి, ఉండండి అన్నారు డీన్ గారు.

ఫారాలు నా చేతికొచ్చాయి. పాత ఫైళ్లు వెతికి జతచెయ్యడం నా పని. బీరువా తీశాను. ఎనిమిది ఫైళ్లూ దొరికాయి. ఎనిమిదింటి మీదా అదే ఎర్ర స్టాంపు. కొన్నయినా నా ముందు పనిచేసిన గుమాస్తావో, సెలవులో నా బదులు కూర్చున్నవాళ్లవో అయివుంటాయని ఆశగా తిప్పి చూశాను. పద్దెనిమిదేళ్లుగా ఆ కిటికీలో ఉన్నది నేనే కదా. ఎనిమిదింటి కిందా ఉన్నది నా పొట్టి సంతకమే, తేదీలతో సహా. సూపరింటెండెంటు లాగే నేనూ చదవకుండా పెట్టానని చెప్పుకోవడానికి కూడా లేదు. నేను అన్నీ చదివే పెట్టాను.

మొదటి పేరు పిలవమన్నారు. వరండాలోకి వెళ్లి పిలిచాను. పెట్రోలు బంకు యూనిఫారంలో ఉన్న పొడుగాటి అమ్మాయి లేచి వచ్చింది. గుర్తుపట్టాను. నాలుగేళ్ల కిందట నేను కాగితం తిప్పి ఇస్తే, "సరే మేడమ్" అని ఒక్క మాట అని వెళ్లిపోయిన పిల్ల. ఎందుకు, ఎలా అని అడిగుంటే గొడవపడి మర్చిపోయేదాన్ని. ఆ సరే నాకు ఎందుకో గుర్తుండిపోయింది. ఆ అమ్మాయీ నన్ను గుర్తుపట్టింది. కళ్లు తిప్పుకోలేదు.

తప్పు నాదే అనాలని నోటిదాకా వచ్చింది, అంతమంది ముందు అనలేదు. నా కుర్చీయే ఆమె ముందుకి జరిపి, కూర్చోమ్మా అన్నాను. పద్దెనిమిదేళ్లలో ఆ మాట నా నోట ఎవరూ విని ఉండరు.

ఆ అమ్మాయి కుర్చీని చూసింది, నన్ను చూసింది.

"వద్దు మేడమ్, నిలబడే ఉంటాను" అంది. "కొలతలు నిలబెట్టే కదా తీస్తారు."

కత్తెరమ్మ టేపు విప్పింది. నేను పెన్ను మూత తీసి, ఆవిడ చెప్పబోయే అంకె కోసం ఆగాను.